ఫైనండీ

తాడేపల్లిగూడెంలో మాకు బియ్యం అమ్మే కొట్టాయన సన్నరకాన్ని 'ఫైన్' అనేవారు. ఎలా ఉన్నారని ఎవరడిగినా "ఫైనండీ" అని నవ్వేవారు. భార్య పోయాక ఓ మధ్యాహ్నం వెళితే నాతోనూ అదే అన్నారు. నేను ఇంగ్లీషు టీచర్నని ఆయనకు తెలుసు. అరచేతిలో బియ్యం చూపిస్తూ ఆగిపోయి, "ఏవండీ, ఫైనంటే జరిమానా కూడానటగా?" అన్నారు.

"అవునండీ."

"మా ఆవిడ అడిగితే మాత్రం ఎప్పుడూ ఫైన్ అనలేదండీ. మోకాళ్ళు నొప్పనో, నిద్ర పట్టలేదనో ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. ఇప్పుడు అందరికీ ఫైననే చెబుతున్నానండీ."

"భోంచేశారా అండీ?" అని అడిగాను.

ఆయన చేతిలో బియ్యం బస్తాలో పోసేశారు.

"నిన్నటి నుంచీ ఏమీ వండుకోలేదండీ" అన్నారు మెల్లగా.