బొంత లాగే మిషను

ఆ రోజుల్లో మా కదిరి పక్క పల్లెల్లో ఏ వస్తువు కొనాలన్నా దుడ్ల కన్నా ముందు ఒక మనిషి కావాలి. వస్తువు చుట్టూ తిరిగి, తట్టి చూసి, 'సరే, తోలుకో' అని తలాడించే మనిషి. ఆ తలాడింపు లేకుండా కొన్నది చెడిపోతే ఊరంతా నవ్వుతుంది. తలాడింపుతో కొన్నది చెడిపోతే ఊరంతా ఓదారుస్తుంది. మా ఇంటికి ఆ మనిషి సుళ్ళమామ. అమ్మకు తమ్ముడి వరస. గొడ్లసంతల్లో ఎద్దుల ఒంటిమీది సుళ్ళు చూసి మంచీచెడ్డా చెప్పేవాడు గనక ఆ పేరు స్థిరపడింది. (అసలు పేరు ఒకటి ఉండేది గానీ, ఓట్ల రోజున తప్ప ఎవరికీ దానితో పని పడేది కాదు.) మేకపిల్ల మొదలుకొని గోడగడియారం దాకా ఆయన చూడనిదే మా నాయన కొనేవాడు కాదు. అందుకే కుట్టుమిషను కొనాల్సి వచ్చినప్పుడు కూడా ఆయనకే కబురు పెట్టాడు.

మిషను ఎందుకంటే, అమ్మ బొంతలు కుట్టేది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, ఆమె సన్నగా కుట్టుకుంటూ పోతే ఏ వరసా పక్కకు జరిగేది కాదు. ఆ కుట్టు చూడ్డానికే పక్క ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ యేడు అక్క తొలికాన్పుకు ఇంటికి రాబోతోంది. అవ్వ కట్టీ కట్టీ మెత్తబడిన చీరలన్నీ అమ్మ ఈ బొంత కోసమే దాచిపెట్టింది. తల్లీబిడ్డా ఇద్దరికీ పట్టేంత పెద్ద బొంత. తీరా మొదలుపెట్టేసరికి కుడిచేతి బొటనవేలి దగ్గర మొదలైన వాపు మణికట్టు దాకా పాకింది. డాక్టరు సూది ముట్టొద్దన్నాడు. నేను సాయం చేద్దామని ఒక వరస కుట్టాను. అమ్మ మధ్యాహ్నం కూర్చుని ఎడమచేత్తో మొత్తం విప్పేసింది. పక్కింటి పిన్నమ్మ కుట్టిన వరసకూ అదే గతి పట్టింది. అక్క వచ్చే రోజు దగ్గరపడుతోంది, బొంత సగంలో ఆగిపోయింది, అమ్మకు అన్నం సహించడం లేదు.

అప్పటికి నేను కదిరిలో కొన్నాళ్ళు కుట్టుపని నేర్చుకొని వచ్చి, ఇంట్లో పెద్ద నిపుణురాలిగా చలామణీ అవుతున్నాను. లంగాలు బాగా వచ్చేవి. జాకెట్లకైతే ఒక చెయ్యి బాగా వచ్చేది. "కాలితో తొక్కే మిషను కొందాం నాయనా, అమ్మ చేతికి శ్రమ ఉండదు" అన్నాను. వానలు మొహం చాటేసిన యేడు అది. చేలో పని లేక నాయన, సంతలో బేరాల్లేక మామ, పొద్దస్తమానం మా అరుగుమీదే కూర్చునేవాళ్ళు. పని లేని ఇద్దరు మగవాళ్ళ చెవిన ఆ మాట పడటమే ఆలస్యం, మర్నాడు అందరం కదిరి బస్సెక్కాం. అమ్మ ఒళ్ళో సగం కుట్టిన బొంత మూట.

షాపులో అడుగు పెట్టగానే నా కళ్ళు ఒక కొత్త మిషను మీద పడ్డాయి. నల్లగా నిగనిగలాడుతూ, ఒంటినిండా బంగారు రంగు పూలు. నేను మనసులో దాన్ని అప్పుడే ఇంటికి తీసుకుపోయి కిటికీ పక్కన పెట్టేసుకున్నాను. మామ మాత్రం పైగుడ్డ భుజాన సర్దుకొని దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి కిందికి చూసి, వెన్నుమీద తట్టాడు.

"దీని వయసెంతప్పా?" అన్నాడు షాపాయనతో.

"కొత్తదన్నా. నిన్ననే పెట్టె ఇప్పినాము."

"అంటే ఇంతవరకూ దీంతో ఎవురూ పని చేపిచ్చలే."

"ఎవురూ చెయ్యి గూడా పెట్టలేదన్నా" అన్నాడు షాపాయన గర్వంగా.

మామ నాయన వైపు తిరిగి పెదవి విరిచాడు. "బావా, దీనికి పని తెలీదు. మనమే నేర్పుకోవల్ల."

నాకు సిగ్గుతో ఆ షాపు నేలలో దూరిపోదామనిపించింది. నాయన మాత్రం అదేదో పెద్ద లోపమైనట్టు గంభీరంగా తలాడించాడు. అంతలో మామ చూపు మూలన దుమ్ము కొట్టుకుపోయిన ఇంకో మిషను మీద పడింది. ఎవరో దర్జీ దానిమీద ఏళ్ళ తరబడి గుడారాలు కుట్టి, చివరికి అమ్మేసి పోయాడట. "ఇదప్పా, పని తెలిసిండేది" అన్నాడు మామ, తప్పిపోయిన బంధువు కనబడినంత సంబరంగా.

నేను ఊరుకోలేదు. పూల మిషనే కావాలన్నాను. "కాడి గట్టి సూడకుండా ఎద్దును కొంటామా పాపా? రొండిట్నీ కట్టి సూద్దాం" అన్నాడు మామ. బొంత మూట విప్పారు. నేను పూల మిషను ముందు కూర్చొని, చూసేవాళ్ళకు నా విద్య అంతా తెలిసేలా వీపు నిటారుగా పెట్టి తొక్కాను. సూది టప్పున విరిగింది. షాపాయన ఇంకొకటి వేశాడు. అదీ విరిగింది. "మంచిదే గానీ బరువు లాగదు" అన్నాడు మామ దానిమీద జాలిపడుతూ. పాత మిషను దగ్గర అమ్మను కూర్చోబెట్టారు. అది గడగడమని షాపంతా అదిరేలా చప్పుడు చేసి, బొంత అంచును ఆ చివరిదాకా లాగేసింది. చాలా రోజుల తర్వాత అమ్మ నవ్వింది. నాకింక పూలూ వద్దు, ఏమీ వద్దనిపించింది. మామ వెంటనే తన పైగుడ్డ షాపాయన చేతిమీద కప్పి, సంతలో గుట్టుగా వేళ్ళతో ధర చెప్పేటప్పుడు చేసినట్టు కింద ఆయన వేళ్ళు పట్టుకున్నాడు. షాపాయన హడలిపోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఎట్లాగైతేనేం, బేరం నోటితోనే తెగింది. మిషను బస్సు మీదికెక్కింది.

ఇంటికి తెచ్చాక అమ్మ నాలుగు అంచులూ కుట్టేసింది. తర్వాత నడుమ కుట్టాలి కదా. సగం బొంతను చుట్ట చుడితే తప్ప ఆ మిషను చేతి కింద పట్టదు, చుట్ట చుడితే అసలే దూరదు. (ఈ సంగతి శిక్షణలో నాకెవరూ చెప్పలేదు, లంగాలకు ఆ ఇబ్బంది ఉండదు.) ఒకవైపు నాయన, ఒకవైపు నేను పట్టుకొని లాగాం. మామ ముందు నిలబడి "హోయ్, హోయ్" అని మిషనును అదిలించాడు. అది కదల్లేదు.

అమ్మ పీట మీంచి లేచింది. "నా బిడ్డ బిడ్డకు ఒక బొంత గూడా కుట్టలేకపోతిని" అని కళ్ళు తుడుచుకుంది. మామ అదిలింపు ఆపేశాడు. నాయన లోపలికి పోయి, శనక్కాయ మూటలు కుట్టే డబ్బనం తెచ్చాడు.

"యాడ కుట్టల్లో చెప్పు. నేను కుడతా."

"అది మూటలకయ్యా. పండేది పసిబిడ్డ" అంది అమ్మ, ఏడుపులోనే నవ్వుతూ.

సన్నసూది ఇచ్చింది. దారం నేను ఎక్కించాను. నాయన తలుపు గొళ్ళెం పెట్టించి (ఊళ్ళో చూస్తే పరువేం కావాలి?) బొంతమీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ఎదురుగా మామ కూర్చుని, "బావా, నీ సాలు ఎడమకు పోతాండాది" అని మడక దున్నేవాడికి చెప్పినట్టు హెచ్చరిస్తూ ఉన్నాడు. వరసలు వంకర్లు పోయాయి. ఒక్కో కుట్టు బెత్తెడు. వేళ్ళలో దిగిన సూదికి లెక్క లేదు. ఇవన్నీ సాయంత్రం అమ్మ ఎడమచేత్తో విప్పేస్తుందని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. అమ్మ బొంతమీద చెయ్యి వేసి నిమిరి, "బాగుండాది. రేపు ఆ పక్క మొదలుపెట్టు" అంది.

అక్క వచ్చింది, ఆడపిల్లను కనింది. పిల్లను బొంతమీద పడుకోబెడుతూ ఒకరోజు ఆ నడిమి వరసలు చూసి, "ఏందిమ్మా, నీ కుట్టు ఇట్లయిపాయ?" అంది.

నాయన మెల్లగా తల తిప్పుకొని గోడవైపు చూశాడు. కుట్టు గురించి ఇంకొకరు మాటంటే పడని అమ్మ, క్షణం కూడా తడుముకోకుండా, "చెయ్యి బాగలేకపాయ కదమ్మా, నేనే అట్ల కుట్టినాను" అంది.

ఆ మధ్యాహ్నం నేను పెరట్లో ఉంటే నాయన వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "పాపా, సన్నకుట్టు ఎట్లేస్తారో రవ్వంత సూపీమ్మా. నావల్ల మీయమ్మ పేరు చెడిపోతాండాది."

అప్పుడు నేను పడీపడీ నవ్వాను. ఆ రోజు నాయనకున్న వయసు నేను దాటేసి చాలా కాలమైంది. ఆ మాట గుర్తొచ్చినప్పుడు ఇప్పటికీ నవ్వుతాను గానీ, ఆ నవ్వు చివరిదాకా రాదు.