కిటికీ తట్టిన గాలి

ఆ రాత్రి కిటికీ తీసింది నేనే.

ఈ మాట నిన్నటిదాకా ఎవరితోనూ అనలేదు. అమ్మతో అనలేదు, అన్నతో అనలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ తారీఖు కింద ‘నిద్ర పట్టలేదు’ అని రెండు మాటలు రాసి మూసేశాను. నలుగురిలో నాకు గొంతు పెగలదు... అందుకే కాగితం మీద చెప్తున్నాను. నమ్మకపోతే మానెయ్యండి. ఇందులో ఒక్క అక్షరం కల్పించలేదు. కల్పించడమే వచ్చి ఉంటే, దీనికో ముగింపు కూడా కల్పించి ఉండేదాన్ని.

సునామీ వచ్చిన మూడో రోజు అది. మాది బాన్సువాడ. మా ఇంట్లో సముద్రాన్ని చూసినవాళ్లు ఎవరూ లేరు. కానీ మూడు రోజులుగా ఇంట్లో సముద్రమే ఉంది... టీవీలో. ఆ సాయంత్రం వార్తల్లో ఒక మాట చెప్పారు. దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న అణువిద్యుత్ కేంద్రంలోకి నీళ్లొచ్చాయట. కేంద్రాన్ని ఆపేశారట. ప్రమాదమేమీ లేదట. అర నిమిషం వార్త.

ఆ అర నిమిషం మా గల్లీకి వచ్చేసరికి ఇంకోలా అయిపోయింది.

ఎనిమిదింటికి ఫోన్ మోగింది. బోధన్ నుంచి మా మేనత్త. అమ్మ ఎత్తింది. “ఆఁ... ఆఁ... అయ్యో” అంటూ విని, పెట్టేసి, నాయన వైపు తిరిగింది.

“అణు గాలి వస్తుందట. ఈ రాత్రికి మన దిక్కు మళ్లుతదట. కడుపుతోని ఉన్నోళ్లకు తాకితే లోపటి పిల్ల దక్కదట.”

నాయన నవ్వాడు. “సముద్రం ఏడ, బాన్సువాడ ఏడ? గా గాలి నిజామాబాద్‌ల దిగి బస్సు మారాలె గదనే. తెల్లారేదాక రాదు.”

“నీకన్నీ ఆటలే. టీవీల గూడ చెప్పిన్రు.”

“ప్రమాదం లేదని చెప్పిన్రు.”

“ఏం లేకపోతే లేదని ఎందుకు చెప్తరు?”

నాయన లేచి టీవీ కట్టేశాడు.

అణు గాలికి ఏం చెయ్యాలో మా గల్లీలో ఎవరికీ తెలియదు. గ్రహణానికి ఏం చెయ్యాలో మాత్రం అందరికీ తెలుసు. అందుకని అదే చేశారు. తొమ్మిదింటికల్లా కాలువ గట్టు మీద ఎక్కడ చూసినా టార్చిలైట్లే. ఆడా మగా గరిక పీకుతున్నారు. నీళ్ల కుండలో వేయడానికి, పచ్చడి జాడీలో వేయడానికి. పక్కింటి లచ్చవ్వ నా చేతిలో టార్చి తన వైపు తిప్పుకుంది.

“ఇటు పట్టు పిల్లా. గీ గరిక సంగతి సర్కారోళ్లకు తెల్వది. తెలిస్తే ఆడ కేంద్రంల గూడ ఏసేటోళ్లు.”

“నీళ్ల కుండల ఏస్తే సాలదు లచ్చవ్వా,” అన్నాడు నాయన. “టీవీ మీద గూడ పెట్టు. ముచ్చట అండ్లకెల్లే గద వచ్చింది.”

లచ్చవ్వ నవ్వలేదు. ఆ తర్వాత నిజంగానే పెట్టిందని విన్నాను.

నాకు కూడా నవ్వు రాలేదు. ఎందుకంటే మా వదిన సుజాతకు ఎనిమిదో నెల. ఆమెకు తల్లి లేదు, అందుకే కాన్పుకు మా దగ్గరే ఉంది. అన్న చెరుకు ట్రాక్టరుతో ఫ్యాక్టరీ దగ్గర వరుసలో ఉండబట్టి రెండు రోజులైంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడాది కూడా వదిన కడుపుతో ఉంది. ఒక రోజు తెల్లవారుజామున చంద్రగ్రహణం పట్టింది. వదిన వాకిట్లోకి రావడానికి జంకుతుంటే, “ఏం కాదు వదినె, అది భూమి నీడ, అంతే” అన్నది నేనే. లైబ్రరీ పుస్తకంలో చదివిన మాట. ఇద్దరం పక్కపక్కన నిలబడి చంద్రుణ్ణి చూశాం. పన్నెండు రోజులకు ఆ కడుపు పోయింది. దవాఖానలో డాక్టరమ్మ వేరే కారణం చెప్పింది. ఇంట్లో మాత్రం కారణం నేను. ఎవరూ పైకి అనలేదు... అనకపోవడమే ఎక్కువ నొప్పి పెట్టింది. అప్పటి నుంచి పుస్తకంలో చదివినదేదీ నోటితో చెప్పడం మానేశాను.

అమ్మ వెనక గది సిద్ధం చేసింది. కిటికీ రెక్కలు మూసి, సందుల్లో పాత చీర పీలికలు కుక్కింది. పైన తడి గోనెసంచి కట్టింది. తలుపు కిందికి ఇంకో సంచి. తాగడానికి గరిక వేసిన నీళ్ల కుండ లోపల పెట్టింది. తర్వాత కుంపటి తెచ్చి మూల పెట్టి, నిప్పుల మీద వేపాకు వేసింది.

“విషపు గాలికి యాప పొగనే మందు,” అంది.

మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు మళ్లీ లేవలేదని ఎప్పుడో పేపర్లో చదివాను.

“అమ్మా... కుంపటి వద్దే. గాలాడని గదిల...”

అమ్మ నన్ను చూసింది. కోపంగా కాదు.

“పోయినసారి గూడ నువ్వే చెప్పినవ్ బిడ్డా.”

వదినా నేనూ లోపల. నిద్రమత్తులో ఎవరైనా తలుపు తీస్తారని అమ్మ బయట నుంచి గొళ్లెం పెట్టి, గడపకు అడ్డంగా చాప పరుచుకుంది. నాయన గల్లీ మూల మగవాళ్ల దగ్గరికి పోయాడు.

కరెంటు పోయింది. అది మామూలే. కందిలి వెలిగించాను. వదిన గోడ వైపు తిరిగి పడుకుంది.

బయట మొదట్లో గోలగానే ఉంది. మాటలు, నవ్వులు, ఎవరిదో దగ్గు, కుక్కలు. తర్వాత ఒక్కొక్కటే తగ్గాయి. మాటలు ఆగాయి... కుక్కలు ఆగాయి... కీచురాళ్లు కూడా. మా వెనక చెరుకు తోట ఎప్పుడూ ఏదో ఒక గరగర చేస్తూనే ఉంటుంది. అదీ లేదు.

డైరీ తెరిచాను. అణు గాలి ఎలా ఉంటుంది? దానికి రంగు ఉంటుందా? వాసన? కనిపించదని పుస్తకంలో ఉంది. కనిపించనిది వచ్చినట్టు ఎలా తెలుస్తుంది? ఇవన్నీ రాద్దామనుకున్నాను. పెన్ను గీత మీద నిలవలేదు. కణతల దగ్గర దిమ్ము. కనురెప్పలు బరువు. కందిలి వెలుగు ఎక్కడో దూరంగా ఉన్నట్టు...

టక్.

తల ఎత్తాను.

కిటికీ. బయటి వైపు. కింద, చెక్క అడుగున. గోటితో కొట్టినంత చిన్న చప్పుడు.

ఊపిరి బిగబట్టాను. ఏమీ లేదు. ఎలుకేమో అనుకున్నాను.

టక్.

ఈసారి కొంచెం పైన. కిటికీ మధ్యలో.

మీకు ఆ కిటికీ సంగతి చెప్పాలి. దాని అవతల మురికి కాలువ. కాలువను ఆనుకుని తుమ్మ కంప. పిల్లి కూడా అక్కడ నిలబడలేదు. మనిషి నిలబడాలంటే గాల్లో నిలబడాలి.

గాల్లో... ఆ మాట తట్టగానే ఒళ్లు జలదరించింది. వస్తుందన్నారు. వచ్చింది. వచ్చి కిటికీ తడుతోంది!

టక్.

మూడోది సరిగ్గా గడియ దగ్గర. చీకట్లో వెతుక్కుంటూ వెతుక్కుంటూ... గడియ దొరికినట్టు.

భయపడ్డాను. కాదనను. కానీ ఒట్టేసి చెప్తున్నాను, భయం కన్నా ముందు నాకు చూడాలనిపించింది. అది ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది. లేచాను. కాళ్లు నావి కానట్టున్నాయి. గోడ పట్టుకుని నడిచాను. గోనెసంచి లాగేశాను. పీలికలు పీకాను. గడియ తీసి, రెక్క తోశాను.

వెన్నెల. చెరుకు తోట. ఒక్క ఆకు కదలడం లేదు. కంప ఎలా ఉన్నది అలాగే ఉంది. ఎవరూ లేరు.

చల్లటి గాలి మొహానికి తగిలింది. అప్పుడు... అప్పుడు కానీ నాకు తెలియలేదు, అంతసేపూ నేను సరిగ్గా ఊపిరి తీసుకోవడం లేదని.

వెనక్కి తిరిగాను. “వదినె!” పలకలేదు. భుజం పట్టి ఊపాను. తల ఇటు వాలింది, అటు వాలింది. చంకల కింద చేతులేసి కిటికీ దాకా ఈడ్చాను. ఆ బలం ఎక్కడిదో తెలియదు. చెంప మీద కొట్టాను. ఇంకోసారి కొట్టాను. చాలాసేపటికి దగ్గింది... వాంతి చేసుకుంది... కళ్లు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుంది. కుంపటి మీద కుండెడు నీళ్లు గుమ్మరించాను, గరికతో సహా.

తెల్లారేదాకా ఆమె తలను కిటికీ చువ్వలకు ఆనించి పట్టుకుని కూర్చున్నాను. అమ్మ లేచే అలికిడి వినగానే నేల తుడిచి, రెక్కలు మూసి, పీలికలు కుక్కి, గోనెసంచి మళ్లీ కట్టేశాను.

అమ్మ తలుపు తీసి, వదిన కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. లోపల బిడ్డ కదిలింది. అమ్మ కళ్ల నీళ్లు పెట్టుకుంది. “గరిక కాపాడింది,” అని గల్లీ అంతా చెప్పింది. గాలి వచ్చి, ఏమీ చెయ్యలేక మళ్లిపోయిందని అందరూ అనుకున్నారు. నేను నోరు విప్పలేదు. ఎలా విప్పుతాను? కాన్పు దాకా రోజూ భయమే. బిడ్డకు ఏదైనా అయితే, ఈసారి కూడా కారణం నేనే కదా.

ఏమీ కాలేదు. ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు దానికి మూడేళ్లు.

ఆ చప్పుడు గురించి ఎంతో చదివాను. అలాంటి పొగ పీల్చితే చెవుల్లో హోరు పుడుతుందట, లేనివి వినిపిస్తాయట. అదే అయి ఉంటుంది. సరే. కానీ నా చెవిలో పుట్టిన చప్పుడుకు కింది నుంచి పైకి ఎక్కడం ఎలా వచ్చింది?

నిన్న అన్నవాళ్లు బోధన్‌కు మారారు. అక్కడ పని దొరికింది. సామాను ఎక్కించాక వదిన నన్ను వెనక గదిలోకి పిలిచింది.

“గా రాత్రి కిటికీ తీసింది నువ్వే గద, స్వరూపా?”

తల ఊపాను.

“లెవ్వరాలే, కండ్లు తెరవరాలే. గని చెవులు ఇంటనే ఉన్నయి నాకు. మూడుసార్లు గద సప్పుడైంది?”

మూడని నేను చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

“అవును వదినె,” అన్నాను. “కిటికీ అవతలకెల్లి ఎవరో తట్టిన్రు.”

బయట అన్న హారన్ కొట్టాడు. వదిన కొంగు సర్దుకుని, గడప దగ్గర ఆగి, మెల్లగా అంది.

“కిటికీ అవతలనా?... నాకైతే కడుపులకెల్లి ఇనొచ్చింది, పిల్లా.”