తర్వాత చెప్పే పేరు

ఎల్డన్ క్రౌస్‌కి ఆ సంగతి ముందే తెలుసా? తెలిసే వెళ్లాడా, తెలియకుండానే వెళ్లాడా? షెల్‌బెండ్‌లో ఆయన్ని ఎరిగినవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు. ఉన్నవాళ్లని అడిగితే తలో మాట చెబుతారు. ఇర్మా డిట్‌మర్ మాత్రం బతికున్నన్నాళ్లూ ఆ ప్రశ్నని ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తితే తను చేసిన పని కూడా చెప్పాల్సొచ్చేది.

షెల్‌బెండ్ మిసిసిపీ నది ఒడ్డున, అయోవా రాష్ట్రం వైపు ఊరు. నదిలో ఆల్చిప్పలు తీసి, వాటిలోంచి చొక్కా బొత్తాలు కోసి దేశమంతటికీ పంపడం అక్కడి బతుకుతెరువు. సందుల్లో కంకర బదులు గుండ్రంగా చిల్లులు పడ్డ చిప్పలు పరిచి ఉండేవి. నడుస్తుంటే కాలికింద అప్పడాలు విరిగినట్టు చప్పుడయ్యేది. ఊరి బేస్‌బాల్ జట్టు పేరు కూడా బటన్స్. పట్నాల్లో ఆడే పెద్ద జట్లకి చాలా మెట్లు కింద ఆడే చిన్న జట్టు అది. ఇర్మా భర్త సరదాపడి దాన్ని కొన్నాడు. ఆయన పోయాక అది ఆమె మెడకి చుట్టుకుంది. అమ్మేద్దామంటే కొనేవాడు లేడు. మూసేద్దామంటే ఆయన్ని రెండోసారి పాతిపెట్టినట్టుగా అనిపించింది. అందుకని టిక్కెట్లు చించడం దగ్గర్నుంచి ఆటగాళ్లని మార్చుకోవడం దాకా అన్నీ తనే చూసుకునేది. ఆట గురించి ఆమెకి తెలిసిందంతా భర్త భోజనాల దగ్గర అన్న మాటల్లోంచి ఏరుకున్నదే.

ఎల్డన్ ఆ జట్టు మేనేజరు. వయసులో ఉండగా మంచి పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. ఒకే ఒక వేసవి పెద్ద జట్టులోకి పిలుపొచ్చింది. ఆ వేసవంతా చాలావరకు బెంచీ మీదే కూర్చున్నాడు. తర్వాత భుజం మొరాయించింది. ఎక్కిన మెట్లు ఒక్కొక్కటే దిగుతూ షెల్‌బెండ్‌కి చేరి, ఇంక దిగడానికి మెట్లు లేక అక్కడే ఉండిపోయాడు. చలికాలం బొత్తాల ఫ్యాక్టరీలో రంపం ముందు నిలబడేవాడు. అమండ్‌సన్ హార్డ్‌వేర్ దుకాణం పైన ఆయన గది. పెళ్లి మాట ఎవరెత్తినా బస్సుకి టైమైందనేవాడు.

మాట తక్కువ మనిషి. ఆటకి ముందు ఒక డబ్బాలో నది బురద పెట్టుకుని కొత్త బంతుల నిగనిగ పోయేలా ఒక్కొక్కటీ అరచేతుల్లో రుద్దేవాడు. ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేవాడు కాదు. ఆయన చేసే తమాషా అంటూ ఉంటే ఏడాదికి ఒక్కటే. సీజన్ చివరి రోజున ఆఖరి ఇన్నింగ్ తనే విసిరేవాడు. బంతి అలా పైకి లేచి, నింపాదిగా, ఊరంతా చూసుకుంటూ వచ్చి పడేది. బ్యాటర్లు నవ్వాపుకోలేక తప్పు కొట్టేవాళ్లు. పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు. మర్నాటి నుంచి జట్టుకి సెలవు.

ఆ ఏడాది బటన్స్ జట్టు మళ్లీ అడుగునే మిగిలింది. పిచర్ విసిరిన బంతి పట్టే క్యాచర్ బొటనవేలు విరగ్గొట్టుకుని ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో చేరిపోయాడు. అప్పుడే ఊళ్లోకి టెలివిజన్లు వస్తున్నాయి. సాయంత్రాలు జనం ఇల్లు కదలడం మానేశారు. నవంబరులో ఒకనాడు తలుపు బందులు కొనడానికి ఇర్మా అమండ్‌సన్ దుకాణానికి వెళ్లింది. ఇనప పొయ్యి చుట్టూ ఎప్పటిలాగే సభ నడుస్తోంది. ఎల్డన్ కూడా ఒక పక్కన కూర్చుని వాల్‌నట్లు కొట్టుకుంటున్నాడు.

"మనకి క్యాచర్ లేడు. ఉన్న మేనేజరుకి నోరు లేదు," అన్నాడు మంగలి క్లెమ్.

"నోరెందుకు లేదురా? ఇందాకట్నించీ అవేవో తింటున్నాడుగా," అన్నాడు అమండ్‌సన్.

"నవ్వులాట కాదు. అవతలి ఒడ్డున గేల్స్‌టన్ వాళ్ల మేనేజరు లేడూ, బడ్ రోర్క్? అంపైర్ తప్పు చెప్పాడా, టోపీ నేలకేసి కొట్టి దాని మీద గెంతుతాడు. సగం జనం అది చూడ్డానికే వస్తారు. మనాయనేం చేస్తాడు? అంపైర్ దగ్గరికెళ్లి మంచినీళ్లు కావాలా అంటాడు."

"ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది క్లెమ్," అన్నాడు ఎల్డన్.

అందరూ నవ్వారు. ఇర్మా కూడా నవ్వింది. కానీ బందులు చేతిలో పట్టుకుని ఇంటికి నడుస్తుంటే ఆ మాట వదల్లేదు. సగం జనం. తన మైదానంలో బల్లల మీద ఆ సగం కూడా కనపడి ఎన్నాళ్లయింది?

థాంక్స్‌గివింగ్ పండగ అయ్యాక ఆమె డావెన్‌పోర్ట్‌లో ఒక హోటల్లో బడ్ రోర్క్‌ని కలిసింది. ఇద్దరూ కాఫీ తాగారు. రోర్క్ మేనేజరుగా వస్తానన్నాడు. ఈస్టర్ వెళ్లేదాకా ఈ మాట ఎవరి చెవినా పడకూడదని అనుకున్నారు. తిరుగు రైల్లో ఇర్మా కిటికీ వైపు చూస్తూ, ఎల్డన్‌కి క్రిస్మస్ కాగానే చెప్పేయాలనుకుంది. క్రిస్మస్ అయింది. కొత్త సంవత్సరం వచ్చాక అనుకుంది. అదీ వచ్చింది.

ఈలోగా డిసెంబరులో జట్ల యజమానుల సభ జరిగింది. గేల్స్‌టన్ యజమాని గస్ బోమన్ ఆమె భర్తకి పాత స్నేహితుడు. ఇర్మాని చెల్లెమ్మా అనే పిలుస్తాడు. బేరంలో మాత్రం చెల్లెలూ లేదు, తమ్ముడూ లేడు.

"నీకో క్యాచర్నిస్తా చెల్లెమ్మా. బదులుగా ఒక పిచర్ని తీసుకుంటా," అన్నాడు.

"ఎవర్ని?"

"పేరు తర్వాత చెబుతా. వసంతంలో. పోయిన సీజన్‌లో మీ తరఫున బంతి విసిరిన వాళ్లలో ఎవరో ఒకరు. సరేనా?"

అలాంటి మార్పిడులు ఆ ఆటలో మామూలే. ఇవాళ ఒకణ్ణి ఇచ్చిపుచ్చుకుంటారు, రెండోవాడి పేరు తర్వాత తేల్చుకుంటారు. ఆ పేరు ఎవరిదో తెలియక ఆటగాళ్లు చలికాలమంతా ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంటారు. నాసిరకం పిచర్లకి తన దగ్గర కొదవ లేదు కదా అనుకుని ఇర్మా చెయ్యి కలిపేసింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆమె సంత మైదానం వైపు వెళ్లింది. అక్కడి పశువుల కొట్టం చలికాలం ఖాళీగా ఉంటుంది. ఎల్డన్ అందులో వెండెల్ మోస్ చేత బంతులు వేయిస్తున్నాడు. వెండెల్ ఇరవై దాటిన పొడుగాటి మనిషి, రైతు కొడుకు. వచ్చినప్పుడు బంతి ఎటు విసురుతాడో వాడికే తెలిసేది కాదు. రెండేళ్లలో ఎల్డన్ వాణ్ణి ఓ దారికి తెచ్చాడు. పోయిన వేసవిలో వాడు విసిరే రోజు మాత్రమే బల్లలు కాస్త నిండేవి. వచ్చే ఏడు జట్టు నిలబడుతుందంటే అది వాడి భుజం మీదే.

కొట్టంలో ఎండుగడ్డి వాసన, బంతి తోలు తొడుగులో పడినప్పుడల్లా ఒక దెబ్బ చప్పుడు. వెండెల్ బంతి ఏరుకోడానికి అటు వెళ్లినప్పుడు ఎల్డన్ అడిగాడు.

"గస్‌తో మాటయినప్పుడు బేరంలోంచి ఈ కుర్రాణ్ణి పక్కన పెట్టమని చెప్పారుగా?"

ఇర్మా కింద గడ్డి వైపు చూసింది. పక్కన పెట్టమని చెప్పాలన్నది ఆమెకి తోచనేలేదు. భర్త భోజనాల దగ్గర చెప్పని సంగతి అదొక్కటే.

"సరే," అన్నాడు ఎల్డన్. వెండెల్‌ని మోచెయ్యి ఇంకాస్త పైకి పెట్టమని చెప్పాడు.

ఆ వారమే బడ్ రోర్క్ గేల్స్‌టన్ కొలువు వదిలేశాడు. ఎక్కడికి పోతున్నాడో గస్‌కి చెప్పలేదు. పొయ్యి దగ్గర సభకి మేత దొరికింది. హాలీవుడ్ పోతున్నాడని ఒకడు, కొత్త టోపీ కొనుక్కోడానికి పోయాడని ఇంకొకడు. అవన్నీ వింటూ ఎల్డన్ పొయ్యి తలుపు మర బిగిస్తున్నాడు.

ఫిబ్రవరిలో గస్ ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, పేరు చెప్పేస్తున్నా. వెండెల్ మోస్."

"వాణ్ణి కాదు గస్. ఇంకెవర్నైనా తీసుకో. ఇద్దర్ని తీసుకో."

"ఎవరో ఒకరు అన్నాను. నువ్వు సరే అన్నావు. నీ మొగుడైతే ముందే కాదనేవాడు."

"వాడు పోతే నేను గేట్లకి తాళం వేసుకోవాలి."

"ఆదివారం దాకా ఆగుతా. మనసు మారుతుందనుకోకు," అని గస్ పెట్టేశాడు.

ఆమె మెట్లెక్కి ఎల్డన్ గది తలుపు తట్టింది. జరిగింది చెప్పింది. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. "ఆయనన్న మాట అచ్చంగా అదేనా? పోయిన సీజన్‌లో విసిరిన వాళ్లలో ఎవరైనా, అని?"

"అదే."

మర్నాడు ఎల్డన్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వంతెన మీదుగా అవతలి ఒడ్డుకి నడిచి వెళ్లాడు. ఆయనా గస్సూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. సాయంత్రానికి మళ్లీ ఫోన్ మోగింది.

"వెండెల్‌ని నువ్వే ఉంచుకో. నాకు వేరే పిచర్ దొరికాడు," అన్నాడు గస్. గొంతులో నవ్వు.

"ఎవరు?"

"ఎల్డన్ క్రౌస్."

"ఆయన మా మేనేజరు!"

"చివరి రోజు విసిరాడుగా? నేను వచ్చి చూశాను కూడా. మూడోవాడికి వేసిన బంతి ఇంకా గాల్లోనే ఉందనుకుంటా. చెల్లెమ్మా, నాకు మేనేజరు లేడు. ఒకే మనిషిలో ఇద్దరొస్తుంటే కాదనడానికి నేనేం పిచ్చివాణ్ణా?"

ఇర్మా కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా పశువుల కొట్టానికి వెళ్లింది. ఎల్డన్ ఒక బంతిని బురదతో రుద్దుతున్నాడు.

"ఇదేం పని ఎల్డన్? మిమ్మల్నెలా ఇస్తాను?"

"ఇవ్వకపోతే వీడు పోతాడు."

"మీరు పోతే నాకు మేనేజరెవరు?"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనిపించింది. ఎల్డన్ బంతిని వెలుతురుకి తిప్పి చూశాడు. నిగనిగ ఇంకా ఒక పక్క మిగిలి ఉంది.

"దొరుకుతారు లెండి మిసెస్ డిట్‌మర్. ఇప్పుడు ఖాళీగా ఉన్నవాళ్లున్నారు. ఆ రోర్క్ కూడా ఖాళీయే అంటున్నారుగా," అన్నాడు.

ఆయన మొహంలోకి ఎంత చూసినా ఆమెకి ఏమీ దొరకలేదు. ఎత్తిపొడుపు కనపడలేదు, జాలి కనపడలేదు. మామూలుగా ఫలానా దుకాణంలో మేకులు దొరుకుతాయని చెప్పే మొహం అది. అప్పుడే చెప్పేద్దామనుకుంది. వెండెల్ అక్కడే ఉన్నాడు. వాడి ముందు బాగుండదనుకుంది.

ఆ తర్వాతి సంగతులు తొందరగానే చెప్పుకోవచ్చు. రోర్క్ వచ్చాడు, టోపీల మీద గెంతాడు, ఒక వేసవి జనం బాగానే వచ్చారు. వెండెల్ పైమెట్లకి వెళ్లాడు. ప్లాస్టిక్ బొత్తాలొచ్చి ఫ్యాక్టరీ మూతపడింది, దాని వెనకే జట్టూ పోయింది. రోర్క్ షెల్‌బెండ్‌లో తేలాడని తెలిసిన రోజున గస్ తిడతాడని ఇర్మా ఎదురుచూసింది. గస్ తిట్టలేదు. "ఈ సంగతి ఎల్డన్‌కి చెప్పాను. అలాగా అన్నాడు, అంతే. ఆశ్చర్యపోలేదు. అయినా ఆయన దేనికి ఆశ్చర్యపోయాడు గనక?" అన్నాడు.

కానీ ఆమెకి మిగిలిపోయింది వాటన్నిటికీ ముందు, మార్చిలో ఒక బుధవారం సాయంత్రం. లెంట్ ఉపవాసాల రోజులు. లూథరన్ చర్చి నేలమాళిగలో ఊరందరికీ సూప్, రొట్టె, పళ్లు కూరి కాల్చిన తీపి ‘పై’లు. మర్నాటి నుంచి ఎల్డన్ గేల్స్‌టన్ మనిషి. తెలిసినవాళ్లు వచ్చి వీపు తడుతున్నారు.

"అక్కడైనా కాస్త నోరు చేసుకో," అన్నాడు క్లెమ్.

"నీళ్లు ఇవ్వొద్దంటావా?" అన్నాడు ఎల్డన్.

ఇర్మా పోయి ఆయన ఎదురుగా కూర్చుంది. అందరూ తమ తమ గిన్నెల్లో ఉన్నారు. ఇంతకన్నా మంచి సమయం రాదు. హోటలు, కాఫీ, రోర్క్, క్రిస్మస్ నుంచీ వాయిదా వేసుకుంటూ వచ్చిన మాట, అన్నీ వరసగా చెప్పాలి. తర్వాత ఆయన ఏమన్నా పడాలి. ఆమె గొంతు సవరించుకుంది.

"ఎల్డన్, మీకొకటి చెప్పాలి."

ఆయన తల ఎత్తి చూశాడు. చాలాసేపు చూసినట్టు ఆమెకి అనిపించింది. అప్పుడు కప్పు కొంచెం ముందుకి జరిపాడు.

"కాఫీ ఇంకొంచెం ఉంటుందాండీ?"

ఆమె కప్పు తీసుకుని వంటగదిలోకి వెళ్లింది. కూజా ఖాళీ అయింది. కొత్తది మరిగేదాకా నిలబడి, చెప్పాల్సిన మొదటి మాట ఏదో కూర్చుకుంది. కప్పు నింపుకుని తిరిగొచ్చేసరికి బల్ల దగ్గర ఆయన లేడు. సూప్ గిన్నె తుడిచినట్టుగా ఖాళీ. కుర్చీ బల్ల కిందకి నెట్టి ఉంది. కోటు కొక్కెం మీద లేదు.

నేలమాళిగ గోడలకి బాగా పైన సన్నటి కిటికీలుంటాయి. వాటిలోంచి వీధిలో నడిచేవాళ్ల కాళ్లు మాత్రమే కనపడతాయి. ఇర్మా చేతిలో కప్పు పట్టుకుని అటు చూసింది. ఒక కొక్కీ ఊడిన రబ్బరు బూట్లు కిటికీ ముందు ఆగి ఉన్నాయి. అవి ఎవరివో ఆమెకి చెప్పక్కర్లేదు. ఒక అగ్గిపుల్ల వచ్చి కరుగుతున్న మంచులో పడి ఆరిపోయింది. బూట్లు ఒక అడుగు ఇటు తిరిగినట్టే తిరిగి, మళ్లీ అటు తిరిగి, ఆల్చిప్పల దారి మీద చప్పుడు చేసుకుంటూ వంతెన వైపు వెళ్లిపోయాయి.