జంట ఒకటే, తాడు ఒకటే

ముందే చెప్పేస్తున్నాను, ఆ అంకె నేను మార్చలేదు. మార్చమని బతిమాలినవాళ్ళున్నారు, కోప్పడినవాళ్ళున్నారు, "నీకెందుకమ్మా ఈ పంతం" అని జాలిపడినవాళ్ళూ ఉన్నారు. అందరూ నా మంచి కోరినవాళ్ళే. అయినా మార్చలేదు.

గుడివాడలో ఒక డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను. అత్తవారిల్లు బందరు. పొద్దున బందరులో రైలెక్కడం, సాయంత్రం గుడివాడలో ఎక్కడం, మధ్యలో పిల్లల రికార్డులు దిద్దడం, ఇదీ నా సంసారం. ఇది చాలదన్నట్టు పీహెచ్‌డీ ఒకటి మెడకి తగిలించుకున్నాను. రైలు బందరులోనే బయలుదేరుతుంది కాబట్టి సీటుకి లోటు లేదు, ఒళ్ళో కాగితాలు పరుచుకునేదాన్ని. పెడనలో కలంకారీ మూటలతో ఎక్కిన ఆడవాళ్ళు వంగి చూసి, "ఏంటండీ ఇవి, ముగ్గులా?" అనేవారు. "అవునండీ, చెరిపి చెరిపి వేసే ముగ్గులు" అనేదాన్ని.

ఆ ముగ్గుల సంగతి ఇదీ. క్వార్కు అనే బరువైన కణం ఒకటి, దాని ప్రతికణం ఒకటి, రెండూ జంట కట్టి బతుకుతాయి. వాటి మధ్య బలం తాడులా పనిచేస్తుంది, దూరం జరగనివ్వకుండా వెనక్కి లాగుతుంది. చివరికి రెండూ ఒకదాన్నొకటి మాపేసుకుని కాంతిగా మారిపోతాయి. జంట బరువెంత, ఎంత త్వరగా మాయమవుతుంది అన్నది లెక్కకట్టాలి. నెమ్మదిగా కదిలేవైతే మామూలు క్వాంటమ్ లెక్క సరిపోయేది. ఇవి ఎంత వేగంగా తిరుగుతాయంటే, సాపేక్షత వచ్చి నెత్తిన కూర్చుంటుంది. ఎవరి గడియారం వారిదే అంటుంది. ఒక జంటకి రెండు కాలాలు! ఆ చిక్కు తప్పించుకోవడానికి, రెండింటి మధ్య బలం ఏ క్షణానికాక్షణం చేరిపోతుందని, రెండింటికీ గడియారం ఒకటేనని అనుకుని మాలాంటివాళ్ళం లెక్క మొదలుపెడతాం.

మా అత్తగారు ఇదంతా ఓపిగ్గా విని, "కలిసుంటాయి, తర్వాత లేకుండా పోతాయి. ఇంతేగా? దీనికిన్నేళ్ళా అమ్మాయ్?" అన్నారు.

"ఎంతలో పోతాయో చెప్పాలి కదత్తయ్యా."

"పోయేటప్పుడు అవే చెప్తాయిలే. ముందా కూర దించు, మాడుతోంది."

ఆ లెక్కలో కొన్ని అంకెలు మనమే ఎంచుకోవాలి. క్వార్కు బరువు, తాడు బిగువు, అలాంటివి. ఒకే జంట కింది శక్తి స్థాయిలోనూ ఉండగలదు, పై స్థాయిలోనూ ఉండగలదు. రెండు స్థాయిల బరువులూ ప్రయోగశాలల్లో కొలిచేశారు. వాటికి సరిపడేలా అంకెలు ఎంచుకుని, ఆ తర్వాత వాటిని ముట్టుకోకుండా విఘటనం, అంటే జంట ఎంత త్వరగా మాయమవుతుందో అది, లెక్కించాను. కింది స్థాయిది ముచ్చటగా కుదిరింది. పై స్థాయిది మాత్రం కొలిచినదానికంటే బాగా ఎక్కువొచ్చింది. నమ్మబుద్ధి కాక ప్రోగ్రామ్ మొదటినుంచీ మళ్ళీ రాశాను. మళ్ళీ అదే అంకె. మొండితనంలో నాకే మేనత్తలా ఉంది.

మా గైడ్ గారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన నవ్వేశారు. "దీనికింత కంగారెందుకమ్మా? పై స్థాయి విఘటనానికి మాత్రం తాడు బిగువు కాస్త తగ్గించు, సరిపోతుంది."

"మరి మిగతావాటికండీ?"

"వాటికి పాతదే ఉంచు."

"జంట ఒకటే కదండీ, తాడు రెండెలా అవుతాయి?"

"అందరూ చేసేదే. పేపర్లు తిరగేసి చూడు, పట్టిక కింద చిన్న అక్షరాల్లో రాస్తారు."

నిజమే, చూశాను. మావాళ్ళలో అదో ఆచారం. ఏ అంకె కుదరకపోతే దానికోసం తాడు కాస్త వదులు చేస్తారు, ఇంకోదానికోసం బిగిస్తారు. పట్టిక కన్నుల పండుగ్గా తయారవుతుంది. అన్నీ కుదిరిపోయాక ఇక కొత్తగా తెలిసిందేమిటని ఎవరూ అడగరు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మండితే మాత్రం? పొడిగించగలిగిన గడువులన్నీ అయిపోయాయి. ఆ నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇన్నేళ్ళ పనీ బంగాళాఖాతంలో కలిసినట్టే. ఇవ్వాలంటే గైడ్ గారి సంతకం ఉండాలి. "ఆ అంకె అలాగే ఉంటే నేను సంతకం పెట్టలేనమ్మా" అని ఆయన ఖరాఖండిగా చెప్పేశారు. ఇంటికొచ్చి చెబితే మావారు తల పట్టుకున్నారు. "ఒక్క అంకె! మారిస్తే ఎవరు చూడొచ్చారే?"

"నేను చూశాగా" అన్నాను.

భయం వేయలేదని గొప్పలు పోను. అన్నం సహించేది కాదు. క్లాసులో ఒక మాట అనబోయి ఇంకోటి అనేదాన్ని.

థీసిస్ ఇచ్చే ముందు యూనివర్సిటీలో డిపార్ట్‌మెంట్ అందరి ఎదుటా మాట్లాడాలి. వచ్చినవాళ్ళకి టిఫిన్లు మాట్లాడేవాళ్ళ ఖర్చు. పైగా బందరు మనిషిని, లడ్డూలు లేకుండా గుమ్మం తొక్కనిస్తారా? తీసుకెళ్ళాను. తిని, మెచ్చుకుని కూర్చున్నారు. అప్పుడు పట్టికని తెర మీద వేశాను, కుదరని అంకెకి ఎర్రరంగు పులిమి మరీ. పక్కనే ఇంకో పట్టిక. వదులు చేసిన తాడునే అన్నిటికీ వాడితే పై స్థాయి విఘటనం కుదురుతోంది, రెండు స్థాయిల బరువులూ తప్పిపోతున్నాయి. ముందు వరసలో గైడ్ గారి మొహం మాడిపోయింది.

థీసిస్ చూసే కమిటీలో ఒక పెద్దాయన అడిగారు. "మరి మీ అంకె ఎందుకు ఎక్కువొచ్చిందంటారు?"

"తెలియదండీ. రెండు గడియారాల్నీ ఒకటి చేసేశాం కదా, తేడా అక్కడుందేమోనని అనుమానం. రుజువు మాత్రం లేదండీ."

ఎవరో దగ్గారు. పెద్దాయన ఏదో రాసుకుని, "సరే" అన్నారు. అది ఏ రకం సరేనో నాకు అర్థం కాలేదు.

తర్వాత గైడ్ గారి గదికి వెళ్ళి, సంతకం కావాల్సిన ఫారం ఆయన ముందు పెట్టాను. "అందరిముందూ పరువు తీశావు కదమ్మా" అన్నారు. "ఇప్పటికైనా మించిపోలేదు. మార్చి పట్రా, ఈ క్షణమే సంతకం పెడతాను."

"మార్చనండీ."

"అయితే పెట్టను."

"సరేనండీ. ఎందుకు పెట్టలేదో ఆ ఫారం మీదే రాసివ్వండి."

ఫారం ఆయన వైపు ఇంకాస్త జరిపాను. ఆయన పెన్ను మూత తీశారు. ఏమని రాస్తారు? లెక్క తప్పని రాయడానికి తప్పెక్కడో చూపించలేదు. మార్చమంటే మార్చలేదని రాయడానికి చెయ్యి ఆడలేదు. చివరికి సంతకం గిలికి, తలెత్తకుండానే ఫారం నా వైపు తోశారు. నేను మాత్రం ఆయన మొహంలోకి చూస్తూనే తీసుకున్నాను.