పసుపు మందులో బొట్టు

హిందీవాళ్ల కారఖానా ఊళ్లో, సీతారాండేరా బస్తీ తెలుగువాళ్లలో కస్తూరమ్మను గయ్యాళి అనేవాళ్లు తక్కువేం కారు. కారఖానా క్యాంటీన్లో కాంట్రాక్టు మీద గిన్నెలు తోముకునే మనిషి ఆసుపత్రి కిటికీ దగ్గర నిలబడి లెక్క అడిగితే మరేమంటారు?

ఆమెకు రక్త కేన్సరు వచ్చింది. ఎనభై నాలుగులో బొంబాయిలో తమ్ముడు బలరామ్ ఎముకల్లోంచి మూలుగ తీసి ఆమెకు ఎక్కించారు. అది నిలిచింది. పుట్టుకతో బి గ్రూపు అయిన ఆమె నెత్తురు ఏడాది తిరిగేసరికి తమ్ముడిలాగే ఓ గ్రూపు అయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: నెలనెలా రక్తంతో పాటు గ్రూపూ చూపించుకో, బి మళ్లీ కనబడితే పాత జబ్బు తిరగబెట్టిందేమో, వెంటనే బయల్దేరి రా అని.

నెలనెలా ఓ అనే వచ్చింది. ఎనభై ఆరు ఆగస్టు కాగితంలో మాత్రం బి అని ఉంది.

చదివిన బలరామ్ అటకమీంచి ట్రంకుపెట్టె దించేశాడు. "చలో అక్కా, దేర్ మత్ కరో, ఆలీసం సెయ్యకు" అన్నాడు. కస్తూరమ్మ కదల్లేదు. సూది గుచ్చకముందే, ఆ నెలే కొత్తగా వచ్చిన ల్యాబువాడు గేటు పాసు అడిగి తీసుకోవడం ఆమెకు గుర్తొచ్చింది. పాసు మీద ప్రతి కూలీ గ్రూపూ అచ్చేసి ఉంటుంది. ఆమెది జబ్బుకు ముందు చేసిన పాసు.

పొద్దున్నే ల్యాబు కిటికీ దగ్గరికి వెళ్లింది. పర్మనెంటు వాళ్లంతా అయ్యాకే కాంట్రాక్టు వాళ్లను పిలుస్తారు. ఆ రోజు ఆమె ఆగలేదు. ఆ ల్యాబువాడు సీతారామరావు కూడా ఆమెలాగే శ్రీకాకుళం వైపు మనిషే. పుట్టాక గ్రూపు మారదనీ, కాంట్రాక్టు వాళ్లకు పాసు చూసి రాసేయడమే తన రివాజనీ దాచకుండా చెప్పేశాడు.

"ఏటి బాబూ, నువ్వు నెత్తురు తీసింది నా సేతిలోంచా, ఈ పాసులోంచా?"

వచ్చే వారం రమ్మన్నాడతను. ఆమె కిటికీలోంచి చెయ్యి లోపలికి చాపేసింది. వెనక లైను గొణిగింది. "మీకు పోయేది ఒక పూట డూటీ. నాకు పోయేది ఏటో ఇప్పుడు తేలాల" అంది వెనక్కి తిరక్కుండానే.

చివరికి సూది గుచ్చి, తెల్ల పలక మీద ఆమె నెత్తురు రెండు బొట్లు పెట్టాడు సీతారామరావు. ఒకదాంట్లో నీలం మందు, రెండోదాంట్లో పసుపు మందు వేసి పలకను అటూ ఇటూ ఊపాడు. పసుపు బొట్టు రవ్వరవ్వగా విరిగిందంటే బి ఉన్నట్టే, బలరామ్ పెట్టె దించడం సబబే. ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీయలేదు.

రెండు బొట్లూ నున్నగానే ఉన్నాయి.

"ఓ గ్రూపే..." అన్నాడతను, తన కళ్లను తనే నమ్మనట్టు.

"మా తమ్ముడిది" అంది కస్తూరమ్మ.

రిజిస్టరు దిద్దాడు గానీ, పాసు దిద్దాలంటే కాంట్రాక్టరు ఉత్తరం కావాలన్నాడు. ఆమె అతని చేతిలోని పెన్ను లాక్కుని పాసు మీది బి కొట్టేసింది. చదువు రాకపోయినా సున్నా చుట్టడం వచ్చు. చుట్టింది.

"ఈ నెల గడిసింది. వచ్చే నెల మళ్లా వత్తాను. ముందు బొట్టు సూడు, పాసు తరవాత."