వెనక సీటు లేని బండి

అద్దాలాయన చెడ్డవాడని ఎవరూ అనరు. మొండివాడని మాత్రం అందరూ అంటారు, అందులో ఆయన పెళ్లాం గొంతే ముందు వినపడేది. ఇళ్లకీ కొట్లకీ అద్దాలు బిగించడం ఆయన పని. జేబులో టేపు లేకుండా గడప దాటేవాడు కాదు. ఏదైనా కొలిచి తేల్చాల్సిందే, నోటిమాట లెక్కలోకి రాదు.

పనిలో మొగుడూ పెళ్లాం జోడీ. అద్దానికి ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస ఆవిడ పట్టుకునేది. బండిలో పక్క సీట్లో కూర్చుని, కళ్లు రోడ్డుకి అప్పగించి, గుంత కనపడగానే "గతుకు!" అని అరిచేది. ఆయన వేగం తగ్గించేవాడు. ఇరవై రెండేళ్లలో దారిలో పగిలిన అద్దం ఒక్కటంటే ఒక్కటే. అది ఆవిడ తుమ్మిన రోజు.

పాత బండి మూలపడ్డాక కొత్త పికప్పు కోసం షోరూముకి వెళ్లారు. అక్కడ రెండు రకాలున్నాయి. ఒకదానికి ముందు సీటు మాత్రమే, వెనక సరుకు పెట్టే తొట్టి ఎనిమిదడుగులు. రెండోదానికి క్యాబిన్‌లోనే వెనక ఇంకో సీటు, తొట్టి మాత్రం ఐదడుగులే. ఆవిడ రెండోదాని తలుపు తీసి, వెనక సీటుని అరచేత్తో అదిమి చూసింది.

"ఇది తీసుకుందామండీ. దారిలో కాస్త నడుం వాల్చొచ్చు."

"నడుం వాలుస్తావా! పనికెళ్తున్నామా, పెళ్లికెళ్తున్నామా? ఉన్నదే మనిద్దరం, వెనక సీటెవరికి?"

బండ్లమ్మే అతను ఇకిలించాడు. దాంతో అద్దాలాయన రెచ్చిపోయాడు. టేపు లాగి పొట్టి తొట్టి కొలిచి, "మహారాణిగారు పడుకుంటే అద్దాలు నెత్తిన పెట్టుకెళ్లాలి" అన్నాడు. ఆవిడా నవ్వింది. "సరేలెండి, ఊరికే అన్నా" అని తలుపు వేసేసింది. ఆవిడ ఊరికే ఏదీ అడిగే మనిషి కాదని ఆయనకి తెలియాలి. అన్నేళ్లు కాపురం చేశాడు. అయినా పొడుగు తొట్టి బండే ఇంటికొచ్చింది.

ఏడాది తిరక్కుండానే, ఒక ఇంటి వరండాలో, ఆవిడ చేతిలోంచి అద్దం జారింది. అది నేల మీద ముక్కలైంది, ఆవిడ నడుం పట్టుకుని కూలబడింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ స్కానింగు చూసి, వెన్నులో గడ్డ ఉందనీ, చాలా దూరం పాకిందనీ చెప్పింది.

"నొప్పి ఎన్నాళ్ల నుంచమ్మా?"

ఆవిడ మొగుడి వైపు చూడకుండా, "కొత్త బండి కొనకముందు నుంచేనండీ" అంది.

బయటికొచ్చాక అద్దాలాయన, "అప్పుడే చెప్పొచ్చుగా!" అని కసిరాడు. కసరడం తప్ప ఇంకేం చెయ్యాలో తెలియలేదు పాపం.

"చెప్పాగా" అంది ఆవిడ.

ఆ తరవాత వారానికి రెండుసార్లు ఆసుపత్రికి ఆ బండిలోనే. వెనక్కి వాలని సీట్లో, నడుం వెనక దిండు నొక్కిపెట్టుకుని, నిటారుగా కూర్చునేది. బండి మార్చేస్తానన్నాడు. "అద్దాలెక్కడ పెడతారు?" అంది, వెక్కిరింపేమీ లేకుండా. వెక్కిరించి ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేది. గుంత వచ్చినా ఇప్పుడు అరిచేది కాదు, పళ్లు బిగబట్టేది. నోరు విప్పి చెప్పవేం అని ఆయన బతిమాలితే, "వెనక అద్దాల్లేవుగా" అంది.

వానలు ఆగిన ఒక పొద్దున ఆసుపత్రి మంచం మీదే పోయింది. ఆసుపత్రివాళ్లు తమ బండిలో ఇంటికి పంపుతామన్నారు. ఆయన వినలేదు. అద్దాల కింద పరిచే దుప్పట్లన్నీ తొట్టిలో ఒకదాని మీద ఒకటి పరిచి ఆవిడని పడుకోబెట్టాడు. ఆవిడ అక్క తల దగ్గర కూర్చుంది. ఆ ఎనిమిదడుగుల తొట్టిలో ఆవిడ కాళ్ల దిగువన ఇంకా మూడడుగులు మిగిలింది. అది చూసి ఆయన చక్రం పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తరవాత లేచి, నడక వేగంతో బండి నడిపాడు. వెనక హారన్లు మోగుతున్నా ఖాతరు చెయ్యలేదు. పక్క సీట్లో దిండు ఒక్కటే ఉంది. గుంత కనపడ్డ ప్రతిసారీ వేగం తగ్గించి, కిటికీలోంచి తల బయట పెట్టి, వెనక్కి వినపడేలా గట్టిగా చెప్పాడు:

"గతుకొస్తోందే, చూసుకో."