పగడానికి దిష్టి తీసిన అత్తమ్మ

సముద్రానికి ఎంతో దూరాన ఈ సాతంరాయిలో ఉంటూ ఉప్పునీటి చేపలు పెంచుతున్నానని చెబితే జనం నన్ను ఒకరకంగా చూస్తారు. హిమాయత్ సాగర్ చెరువు చేపలు పులుసు పెట్టుకుని తినేవాళ్ళకు చేపల్ని పెంచుకోవడమంటే ఏం అర్థమవుతుంది? నాకు ఈ పిచ్చి ఉద్యోగంలో అంటుకుంది. ఎయిర్‌పోర్టు కార్గోలో కాగితాలు సరిచూడటం నా పని. ఒకరోజు థర్మకోల్ పెట్టెల్లో, నీళ్ళూ గాలీ నింపిన కవర్లలో సముద్రపు చేపలు దిగాయి. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు. కవర్లోంచి ఒకటి నన్నే చూసింది. పెళ్ళిచూపుల్లో మా ఆయన కూడా అంత సూటిగా చూడలేదు.

ఏడాది తిరక్కుండానే మా హాల్లో నాలుగడుగుల గాజు తొట్టి వెలిసింది. అందులో పట్టీల చేపలు రెండు, మెత్తటి పగడం ఒకటి. పగడమంటే ఉంగరంలో పొదిగే రాయి అనుకోకండి. అది ప్రాణమున్న జీవి. ఒంట్లో బాగుంటే వేళ్ళు విప్పి నీళ్ళలో ఊగుతుంది, బాగా లేకపోతే ముడుచుకుపోతుంది. ఇదంతా వివరిస్తే మా అత్తమ్మ, "పగడం వేలికి పెట్టుకుంటరు గని, పగడానికే వేళ్ళుంటయా?" అంది.

మా ఆయనకు బడంగ్‌పేట్‌లో సిమెంటు, ఇనుము దుకాణం. అక్కడ కొత్త ఇళ్ళు లేస్తున్నంతకాలం ఆయనకు తిరుగులేదు. తొట్టి ఉన్న గోడకు పెద్ద టీవీ పెట్టాలని ఆయన కోరిక. అప్పటికే నా చేతిలో రెండు పగడాలు చచ్చాయి. మూడోది తెచ్చినరోజు ఆయన ఒప్పందం పెట్టాడు. "ఇది గూడ నీ చేతుల పోయిందనుకో, ఇగ తొట్టి తీసేద్దాం. గోడ నాది." రోషం కొద్దీ సరేనన్నాను. నోటిదురుసు నాకు పుట్టుకతో వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున లేచి చూద్దును కదా, పగడం ఎండిన బెండకాయలా ముడుచుకుని ఉంది. చేపలు మూలకు చేరి ఊరికే మూతులు తెరుస్తున్నాయి. టీ తాగుతున్న మా ఆయన కప్పు పక్కన పెట్టాడు. లోపలికి వెళ్ళి కొలత టేపు తెచ్చుకుని, పక్కింటివాళ్ళ టీవీ కొలవడానికి పోయాడు.

నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసే చిన్న గొట్టం ఒకటుంటుంది. చుక్క నీళ్ళు వేసి కంటికి పెట్టుకుంటే లోపల గీత కనిపిస్తుంది. నాకు చెయ్యి తిరిగిపోయిందన్న ధీమాతో నెలరోజులుగా దాన్ని ముట్టలేదు. ఇప్పుడు తీసి చూస్తే గీత ఉండాల్సిన చోటికి చాలా పైన ఉంది.

"ఇందుల ఉప్పు ఎవరేసిండ్రు?" అని గట్టిగా అడిగాను.

"నేనే ఏసిన" అంది అత్తమ్మ వంటింట్లోంచి, పప్పులో వేసినంత తేలిగ్గా.

విషయమేమిటంటే, కాలనీవాళ్ళు రోజూ వచ్చి చేపల్ని చూసి నోరెళ్ళబెట్టి పోతున్నారు. కాబట్టి వాటికి దిష్టి తగిలి తీరుతుంది. అందుకని ఆవిడ వారానికోసారి పిడికెడు దొడ్డుప్పు పట్టుకుని తొట్టి ముందు మూడుసార్లు తిప్పుతోంది. తిప్పిన ఉప్పును నీళ్ళలో వేసి కరగనివ్వడం మా ఇళ్ళలో అలవాటే. ఎదురుగా ఇన్ని నీళ్ళుండగా మళ్ళీ ఒక గిన్నె ఎందుకు తడపాలి అనుకుంది.

"సముద్రానికి పిడికెడు ఉప్పొక లెక్కనా?" అంది పైగా.

నేను ఆగలేదు. బంగారంలాంటి పగడాన్ని చంపావన్నాను. వంటింటి ఉప్పుకూ దీని ఉప్పుకూ తేడా తెలియదా అన్నాను. ఇక తొట్టి దిక్కు రావద్దన్నాను. అత్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, తొట్టి అంచు మీద పేరుకున్న తెల్లటి పొరను గోటితో గీకి నాలుక మీద వేసుకుంది.

"నేనేసింది నాలుగు పిడికిళ్ళు. రోజూ నీళ్ళు దిగుతయి గదా, నువ్వేం పోసి నింపుతున్నవ్?"

"ఉప్పు కలిపిన నీళ్ళే. సముద్రం చేపలు గదా."

"రోజూనా?"

"రోజూ రెండు చెంబులు."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. "ఎండకు నీళ్ళు పోతయి బిడ్డా, ఉప్పు పోతదా? మా చౌడు మడి గిట్లనే అయింది. బోరు ఉప్పుది. ఎన్ని నీళ్ళు పెడితే గంత తెల్లగయింది. వానలకు కడుక్కపోయినంకనే నాలుగు గింజలు పండినయి. దిగినకాడికి సప్పటి నీళ్ళే పొయ్యాలె."

ఈ తొట్టి కోసం ఎన్ని వీడియోలు చూశానో నాకే తెలియదు. వాటిలోనూ ఈ మాట చెప్పే ఉంటారు, నేను రంగులు చూస్తూ మాటలు వినలేదు. నెలంతా నేను పోసిన చెంబుల ముందు ఆవిడ నాలుగు పిడికిళ్ళు ఏ మూలకు?

అంతలో మా ఆయన టేపు చుట్టుకుంటూ వచ్చాడు. "ఏందంట?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "నేను ఉప్పేసిన రా. దిష్టి తీసి ఇందులనే ఏసిన."

ఇక చూడాలి. తెలియని వాటిలో చెయ్యి పెట్టొద్దని ఆయన భోజనం అయ్యేదాకా వాళ్ళమ్మకు క్లాసు తీసుకున్నాడు. ఆవిడ వింటూ పప్పు కలుపుకుని తింది. నేనూ తిన్నాను. నా నోటిదురుసంతా ఆ పూట ఎటు పోయిందో తెలియదు.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాక మెల్లగా అడిగాను. "నీ మీదెందుకు ఏసుకున్నవ్ అత్తమ్మా?"

"నా మీద కోపమొస్తే వాడేం జేస్తడు, అమ్మను ఇంట్లకెళ్ళి తీసేస్తడా? నీ మీదొస్తే తొట్టి తీసేస్తడు" అని, చాప పరుచుకుని పడుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం టీ ఇస్తూ ఆయనతో చెప్పేశాను. "ఉప్పు పోసింది ఎక్కువ నేనే. అత్తమ్మది పిసరంత." ఆయన నన్ను చూశాడు, గోడను చూశాడు. "పగడం సచ్చినంక మాట్లాడుదాం తియ్" అన్నాడు.

ఒకేసారి మంచినీళ్ళు కుమ్మరిస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది. పూటపూటకూ కొంచెం ఉప్పునీళ్ళు తోడి, అంతే చప్పటి నీళ్ళు పొయ్యాలి. నేను పోస్తుంటే అత్తమ్మ నెత్తిమీద నిలబడి, "జర మెల్లగ పొయ్యి, మడి కట్ట తెగుతది" అనేది. కట్ట ఎక్కడుందో నాకు కనిపించేది కాదు కానీ మెల్లగానే పోశాను. మా ఆయన దుకాణానికి పోయేముందు రోజూ తొట్టి ముందు కాసేపు నిలబడేవాడు. పగడం కోసమో, గోడ కోసమో అడిగే ధైర్యం నాకు లేదు.

ఐదో రోజు పొద్దున నేనింకా మంచం దిగలేదు. హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది. "అమ్మా, జర ఇటు రా. ఏళ్ళు ఇప్పుతున్నది."

పరుగెత్తి వెళ్ళేసరికి తల్లీకొడుకులిద్దరూ గాజుకు ముక్కులు ఆనించి ఉన్నారు. వాళ్ళ తలల మధ్య నుంచి ఒక వేలు కనిపించింది, దాని పక్కన ఇంకొకటి. నాకు ఏడుపొచ్చింది. పెళ్ళాన్ని వదిలేసి అమ్మను పిలిచాడన్న ఉక్రోషం కూడా అందులో కొంత ఉంది.

అత్తమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసి, ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. "నన్ను పిలుస్తవేందిరా? పూటపూటకు నీళ్ళు పోసింది నీ పెండ్లాం. ముందుగాల ఆమెను జూడనియ్యి" అని, ఆయన్ను రెక్క పట్టుకుని పక్కకు జరిపి, గాజు ముందు నాకు చోటిచ్చింది.